ఫలితం రాయని కాగితం

సైప్రస్‌లో ఆర్థడాక్స్ చర్చిలో పెళ్ళి చేసుకోవాలంటే ఫాదర్ దగ్గరికి కొన్ని కాగితాలు పట్టుకెళ్ళాలి. బాప్టిజం పత్రం, వేరే పెళ్ళేదీ లేదన్న పత్రం లాంటివాటితో పాటు తలసేమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఈ పద్ధతి 1980ల మొదట్లో వచ్చింది. ఆ సర్టిఫికెట్‌లో ఉండేది ఒక్క సంగతే: ఈ మనిషి రక్తపరీక్ష చేయించుకున్నారు, దాని అర్థం ఏమిటో వీరికి వివరించి చెప్పాం అని. ఫలితం ఏమొచ్చిందో అందులో ఉండదు. పెళ్ళి జరిపించే ఫాదర్‌కి తెలియదు. కాబోయే అత్తమామలకి తెలియదు. ఆ ఇద్దరికీ, డాక్టరుకీ మాత్రమే తెలుస్తుంది.

పదేళ్ళుగా సైప్రస్ గురించి దొరికిందల్లా చదువుతున్నాను. ఆ దేశం ఎప్పుడూ వెళ్ళలేదు, వెళ్తాననీ అనుకోవడం లేదు. చదవడానికి కారణం మా అక్క కొడుకు.

వాడికిప్పుడు పందొమ్మిదేళ్ళు. తలసేమియా మేజర్. ఎనిమిదో నెలలో పాలు సరిగ్గా తాగడం మానేశాడు, మొహం పాలిపోయింది. పళ్ళొస్తున్నాయి కదా, అంతే అన్నారు ఇంట్లోవాళ్ళు. హిమోగ్లోబిన్ 4కి పడిపోయాక గుంటూరులో ఒక డాక్టరుగారు అక్కనీ బావనీ ఇద్దర్నీ పరీక్ష చేయించుకోమన్నారు. ఇద్దరూ క్యారియర్లే, అంటే తమకి జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఒకటి మోస్తున్నవాళ్ళు. బావ మా మేనమామ కొడుకు. మా అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ "మా వంశంలో ఎవరికీ లేదు" అంటుంది. నిజమే, జబ్బు ఎవరికీ లేదు. ఆ జన్యువు ఉంది, అంతే.

ఇక్కడ నన్ను ఎప్పుడూ కలచివేసే విషయం ఒకటుంది. అక్కకి కాలేజీ రోజుల నుంచీ "రక్తం తక్కువ" అనేవాళ్ళు. ఐరన్ మాత్రలు, ఖర్జూరాలు, బెల్లం, తోటకూర. ఎన్ని తిన్నా హిమోగ్లోబిన్ 10 దాటేది కాదు. ఆ పాత రిపోర్టులన్నీ అమ్మ బీరువాలో దాచిపెట్టింది. ఒకరోజు కూర్చుని అన్నీ చూశాను. ప్రతి దాంట్లోనూ ఎర్రకణాల సైజు మామూలు కంటే చాలా చిన్నగా ఉందని అంకె చెబుతూనే ఉంది. అంత చిన్న కణాలు ఐరన్ లోపంలోనూ ఉంటాయి, తలసేమియా క్యారియర్లలోనూ ఉంటాయి. తేడా తెలియాలంటే హెచ్‌పీఎల్‌సీ అనే ఇంకో పరీక్ష చేయాలి. ఏడేళ్ళలో ఒక్క డాక్టరూ ఆ పరీక్ష రాయలేదు. మళ్ళీ ఐరన్ మాత్రలే రాశారు.

మూడు వారాలకోసారి వాడికి రక్తం ఎక్కించాలి. డేట్ ఎప్పుడో క్యాలెండర్ చూడక్కర్లేదు, మా ఇంటి మెట్లు చెప్పేస్తాయి. పదకొండు మెట్లు. రక్తం ఎక్కించుకుని వచ్చిన రోజు రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేస్తాడు. మూడో వారానికి ఏడో మెట్టు మీద ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతాడు. చెప్పుకేమీ కాదు. ఊపిరి అందక ఆగాడని మాకందరికీ తెలుసు. వాడికీ తెలుసు మాకు తెలుసని. ఎవరం ఏమీ అనం. అక్క మాత్రం ఫోన్ తీసి దాతల లిస్టు చూడ్డం మొదలుపెడుతుంది. మే నెలలో కాలేజీలు మూసేస్తారు కాబట్టి రక్తదాన శిబిరాలుండవు, బ్లడ్ బ్యాంకులు ఖాళీ. ఎండాకాలం వస్తోందంటే చాలామందికి మామిడిపళ్ళు గుర్తొస్తాయి, మా ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

ఇక సైప్రస్ సంగతి. మధ్యధరా సముద్రంలో తూర్పు మూలన ఉన్న ద్వీపం. మ్యాపులో టర్కీకి దగ్గర, 2004 నుంచి యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం. మొత్తం ద్వీపం విస్తీర్ణం 9,251 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగం కూడా ఉండదు. ప్రభుత్వం చేతిలో ఉన్న దక్షిణ భాగంలో జనాభా 9 లక్షల పైచిలుకు. అంత చిన్నచోట ప్రతి ఏడుగురిలో దాదాపు ఒకరు తలసేమియా క్యారియర్. మన దేశంలో వందలో ముగ్గురు నలుగురు ఉంటారని అంచనా. అంటే అక్కడ మనకు నాలుగింతలు.

ఎందుకంత? మలేరియా వల్ల. తలసేమియా జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళకి ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి, వాళ్ళని మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. మలేరియా ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టిన చోట వేల ఏళ్ళపాటు వీళ్ళు కాస్త ఎక్కువగా బతికారు, పిల్లల్ని కన్నారు, జన్యువు పెరుగుతూ వచ్చింది. ఈ ఊహ మొదట చేసినవారిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు, 1940ల చివర్లో. ఆయన తర్వాత మన దేశానికే వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. ఒక తరాన్ని కాపాడిన జన్యువే, అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వస్తే, ఇంకో తరంలో బిడ్డకి రక్తం లేకుండా చేసింది. అసలు ఆ జబ్బు పేరులోనే 'సముద్రం' అన్న గ్రీకు మాట ఉంది.

మలేరియా అనగానే మనకి సికింద్రాబాద్ గుర్తు రావాలి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది అక్కడే. ఆ రాస్ 1913లో సైప్రస్ వెళ్ళారు, అప్పటికి అది బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉంది. దోమల్ని ఎలా అరికట్టాలో అక్కడివాళ్ళకి సలహాలిచ్చారు. అక్కడ ఆ పనిని తర్వాత చివరిదాకా తీసుకెళ్ళిన మనిషి మెహమెత్ అజీజ్ అనే టర్కిష్ సైప్రియట్, అంటే టర్కిష్ మాట్లాడే సైప్రస్ వాసి. ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టరు. 1946 నుంచి ద్వీపం మొత్తాన్ని వందలాది గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిని ఒక్కో మనిషికి అప్పగించాడు. ప్రతి గుంటా, ప్రతి బావీ, పశువుల డెక్క దిగబడి నీళ్ళు నిలిచిన ప్రతి చోటూ వెతికి డీడీటీ చల్లించాడు. ఆ పనిలో గ్రీకు సైప్రియట్లూ టర్కిష్ సైప్రియట్లూ కలిసి పనిచేశారు. 1950 నాటికి ద్వీపంలో మలేరియా లేదు. డీడీటీ చేసిన చేటు తర్వాత ప్రపంచానికంతటికీ తెలిసింది, అది వేరే కథ. కానీ ఒక్కో గుంటకీ ఒక్కో మనిషి జవాబుదారీ అయిన ఆ పద్ధతి గురించి చదివినప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మలేరియా ఉన్నన్నాళ్ళూ తలసేమియా దాని చాటున దాక్కుంది. రెండింటిలోనూ పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం (స్ప్లీన్) ఉబ్బుతుంది, పిల్లవాడు పాలిపోతాడు, చచ్చిపోతాడు. పొట్ట ఉబ్బి పోయిన బిడ్డని మలేరియా ఖాతాలో రాసేవాళ్ళు. అక్కడ పనిచేసిన అలన్ ఫాడ్రీ అనే బ్రిటిష్ డాక్టరు 1944లో, ఇది వేరే రక్తహీనత, సైప్రస్ పిల్లల్లో ఉంది అని వైద్యపత్రికలో రాశారు. మలేరియా పోయాక కూడా ప్లీహం ఉబ్బిన పిల్లలు కనిపిస్తూనే ఉంటే ఇంక దాచడానికేమీ మిగల్లేదు.

ఇప్పుడు లెక్క చూడండి, కష్టమైన లెక్కేమీ కాదు. ఏడుగురిలో ఒకరు క్యారియర్ అయితే, ప్రతి 49 జంటల్లో ఒక జంటలో ఇద్దరూ క్యారియర్లే అవుతారు. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. అంటే సుమారు రెండు వందల కాన్పులకి ఒక బిడ్డ. ఏడాదికి పదివేల కాన్పులుంటే యాభై మంది పిల్లలు. పూర్వం ఈ పిల్లలు చిన్నతనంలోనే పోయేవాళ్ళు. రక్తం ఎక్కించడం మొదలయ్యాక కొన్నేళ్ళు ఎక్కువ బతికారు, కానీ ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోయి కుర్రతనంలో పోయారు. 1970లలో ఇనుమును బయటికి లాగే డెస్ఫెరాల్ మందు పంపుతో ఇవ్వడం వచ్చాక, ఈ పిల్లలు నిజంగా బతకడం మొదలుపెట్టారు.

ఆ పంపు గురించి తెలియనివాళ్ళకి చెబుతాను, మావాడు చిన్నప్పుడు కొంతకాలం వాడాడు. అరచేతిలో పట్టేంత డబ్బా. అందులో సిరంజి, దాన్నుంచి సన్నటి గొట్టం, చివర సూది. రాత్రి పడుకునేముందు ఆ సూదిని పొట్ట చర్మం కింద గుచ్చి, ప్లాస్టర్ వేసి, డబ్బాని దిండు పక్కన పెట్టాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మందు చుక్కచుక్కగా వెళ్తుంది. వారంలో ఐదారు రాత్రులు. పొద్దున్నే సూది తీస్తే అక్కడ చిన్న గడ్డ కడుతుంది, మర్నాడు ఇంకోవైపు గుచ్చాలి. అక్క వాడికి గుచ్చేముందు తన చేత్తో ఆ చోటు రుద్ది వేడి చేసేది. ఇప్పుడు నీళ్ళలో కలుపుకుని తాగే మాత్రలొచ్చాయి. ఆ రాత్రులు మాత్రం మా ఇంట్లో ఎవరం మరచిపోలేదు.

బతకడం మొదలైంది కాబట్టే సైప్రస్‌కి భయం పట్టుకుంది. ఏటా యాభైమంది పిల్లలు చేరుతూ, ఒక్కరూ వెళ్ళిపోకుండా ఉంటే, కొన్ని దశాబ్దాల్లో ఆ ద్వీపంలో అంత రక్తం దొరకడమే కష్టమవుతుంది, ఆరోగ్యశాఖ బడ్జెట్ అంతా ఈ ఒక్క మందుకే పెట్టినా సరిపోదు. సరిగ్గా అప్పుడే, 1974లో, యుద్ధం. ద్వీపం గ్రీకు సైప్రియట్ల దక్షిణం, టర్కిష్ సైప్రియట్ల ఉత్తరం అని రెండు ముక్కలైంది, లక్షన్నర మందికి పైగా ఇళ్ళు వదిలి పారిపోయారు. అలాంటి రోజుల్లో ఒక చిన్న దేశం తలసేమియా గురించి కూర్చుని ఆలోచించిందంటే, డబ్బు లేదు, టైం లేదు అని మనం చెప్పుకునే సాకులు నాకు నోటికి రావు.

మొదట వాళ్ళూ తప్పు చేశారు. దీని గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు, నాకైతే అసలు పాఠం ఇక్కడే ఉంది. క్యారియర్లు క్యారియర్లని పెళ్ళి చేసుకోకండి అని ప్రచారం చేశారు. ఏమైంది? అక్కడా అప్పట్లో పెద్దలు కుదిర్చిన సంబంధాలే ఎక్కువ. క్యారియర్ అని తెలిస్తే సంబంధం రాదని జనం పరీక్షకే రాలేదు, వచ్చినవాళ్ళు ఫలితం దాచారు. క్యారియర్ అన్న మాట తిట్టులా తయారైంది. పెళ్ళిళ్ళు మాత్రం ఎప్పటిలాగే జరిగాయి. పిల్లలూ అలాగే పుట్టారు.

దాంతో దారి మార్చారు. మైకేల్ అంగస్తినియోటిస్ అనే పిల్లల డాక్టరు, ఆయనతో పాటు తలసేమియా పిల్లల తల్లిదండ్రుల సంఘం ముందుండి నడిపించారు. మీరు ఎవర్ని పెళ్ళి చేసుకోవాలో మేం చెప్పం. మీ ఇద్దరికీ ఏముందో తెలుసుకోండి. తెలుసుకున్నాక ఏం చేయాలన్నది మీ ఇష్టం. కావాలంటే గర్భంలోనే పరీక్ష చేసే వీలుంది, అని. అదే సమయంలో చర్చితో మాట్లాడారు. చర్చికి గర్భస్రావం ఇష్టం లేదు. ఐనా పెళ్ళికి ముందే తెలిస్తే అంత దూరం వెళ్ళే అవసరం తగ్గుతుందని ఆర్చిబిషప్ ఒప్పుకున్నారు, సర్టిఫికెట్ అడగడం మొదలైంది. ఉత్తరాన టర్కిష్ సైప్రియట్లు తమ వైపు పెళ్ళికి ముందు పరీక్షను చట్టంగానే తెచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని రెండు పక్షాలు ఒకే దారిలోకి రావడం నాకు ఎంతో ఊరట.

ఫలితం తెలిశాక విడిపోయిన జంటలు అతి కొద్ది. ఇద్దరూ క్యారియర్లయినా దాదాపు అందరూ పెళ్ళి చేసుకున్నారు. కానీ కొన్నేళ్ళలోనే తలసేమియాతో పుట్టే పిల్లల సంఖ్య ఏడాదికి ఒకరో ఇద్దరో, కొన్నేళ్ళు ఒక్కరూ లేనంతగా తగ్గిపోయింది.

ఇది చదివి మావాడు నన్నొక ప్రశ్న అడిగాడు. అప్పుడు వాడికి పదహారేళ్ళు. నా ల్యాప్‌టాప్‌లో ఈ వ్యాసానికి రాసుకున్న నోట్సు కనబడింది. "అంటే మామయ్యా, నాలాంటివాళ్ళు పుట్టకపోవడమే వాళ్ళ గెలుపా?"

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పగలిగినంత చెబుతాను. గర్భంలో పరీక్ష చేసి తీసేయడం తేలికైన విషయమని నేనెప్పుడూ రాయను. అలా తీసేసిన తల్లులు ఎన్ని రాత్రులు ఏడ్చి ఉంటారో నాకు తెలియదు, వాళ్ళని తప్పు పట్టే హక్కూ నాకు లేదు, అలా తీసేయడం వద్దనుకుని బిడ్డని కన్నవాళ్ళని తప్పు పట్టే హక్కూ లేదు. కానీ సైప్రస్‌లో ఈ కార్యక్రమాన్ని కావాలని అడిగింది ఈ పిల్లల్ని కన్న తల్లిదండ్రులే. తమ బిడ్డ వద్దని కాదు. తమ బిడ్డకి వచ్చే నెల రక్తం దొరకాలని. కొత్తగా పుట్టేవాళ్ళు తగ్గారు కాబట్టే, ఉన్నవాళ్ళకి రక్తం, మందు, మంచి డాక్టర్లు సరిపోయారు. అక్కడ వైద్యం ఏ రోజూ తగ్గించలేదు. ఆరోజుల్లో పుట్టిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు యాభై ఏళ్ళ దరిదాపుల్లో ఉన్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, కొందరికి పిల్లలూ ఉన్నారు. కొన్ని దేశాల తలసేమియా సంఘాలు కలిసి 1986లో పెట్టుకున్న అంతర్జాతీయ సమాఖ్య ఆఫీసు సైప్రస్ రాజధాని నికోసియాలోనే ఉంది. రోగుల్ని వదిలించుకోవాలనుకునే దేశమైతే రోగుల గొంతుకి ఇల్లు ఇవ్వదు.

ఇంకో మాట కూడా వాడికి చెప్పాను. గర్భంలో పరీక్ష రాకముందు సైప్రస్‌లో ఒక బిడ్డకి జబ్బొచ్చిన తల్లిదండ్రులు ఇంకో బిడ్డని కనడానికే జంకేవాళ్ళు. పరీక్ష వచ్చాక ధైర్యంగా కన్నారు. ఇలా పుట్టిన ఆరోగ్యవంతమైన పిల్లల లెక్క ఎవరూ చెప్పరు. మా మేనకోడలు అలాంటి పిల్లే. అక్క రెండోసారి నెల తప్పినప్పుడు హైదరాబాద్ వెళ్ళి పన్నెండో వారంలో పరీక్ష చేయించుకుంది. ఫలితం వచ్చేదాకా ఆ పది రోజులు అక్క ఎవరితోనూ మాట్లాడలేదు. మేనకోడలికి ఇప్పుడు పన్నెండేళ్ళు, అన్నయ్య రక్తం ఎక్కించుకుంటుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో లూడో ఆడిస్తుంది.

చిన్న దేశం కాబట్టి కుదిరింది, మనకెక్కడ కుదురుతుంది అంటారు. చిన్నది కావడం వాళ్ళకి కలిసొచ్చింది, ఒప్పుకుంటాను. ఒకే చర్చి, ఒకే కేంద్రం, ఇంటికో క్యారియర్. అక్కడ తలసేమియా అంటే ఏమిటో వివరించాల్సిన పని లేదు. మనకి పేరే తెలియదు. కానీ మన దేశంలో ఏటా పదివేల మందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో తలసేమియా ఉన్నవాళ్ళకి నెలకి 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మా అక్కకి అది ఎంత ఆసరానో మాటల్లో చెప్పలేను. ఆ మూడు వారాల తిరుగుళ్ళకి, మందులకి, ఛార్జీలకి అదే ఆధారం. పింఛను ఇచ్చే చేత్తోనే, రక్తం తక్కువ అని వచ్చిన ప్రతి ఆడపిల్లకీ, మాత్రలు రాసేముందు ఒక్కసారి హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే చాలు. మొదటిసారి నెల తప్పిన ప్రతి తల్లికీ చేయాలి, ఆమెకి ఉంటే భర్తకీ చేయాలి. ఇది నేను కలగన్నది కాదు, అవసరమైన మెషీన్లు, మనుషులు ఇప్పటికే చాలా పెద్దాసుపత్రుల్లో ఉన్నారు.

పెళ్ళికి ముందు పరీక్ష తప్పనిసరి చేయాలన్న మాట కూడా మన దగ్గర అప్పుడప్పుడు వినిపిస్తుంది. నాకు భయం వేసేది అక్కడే. రెండేళ్ళ క్రితం మా చిన్నాన్న కూతురికి వచ్చిన సంబంధం, "వాళ్ళింట్లో రక్తం జబ్బు ఉందట" అన్న ఒక్క మాటతో ఆగిపోయింది. మధ్యవర్తి మంచి ఉద్దేశంతోనే చెప్పాడట. చెల్లి అప్పటికి పరీక్షే చేయించుకోలేదు. క్యారియర్ అంటే జబ్బు కాదని, ఇద్దరూ అయితేనే ముప్పని అవతలివాళ్ళకి చెప్పడానికి చిన్నాన్న నాలుగుసార్లు వెళ్ళాడు. వినలేదు. మన దగ్గర ఫలితం రాసిన కాగితం ఇస్తే అది జాతకంతో పాటు చేతులు మారుతుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆ బరువంతా ఆడపిల్ల మీదే పడుతుంది. సైప్రస్ మొదటి ప్రచారం చెడింది ఇందుకే. కాబట్టి మన ప్రభుత్వాలు చట్టమో పథకమో తెస్తే, ఫలితం రాయని కాగితాన్ని తెమ్మని అడుగుతున్నాను. అది లేకుండా తెస్తే నేనే మొదట వ్యతిరేకిస్తాను.

చెల్లికి ఈ శ్రావణంలో నిశ్చితార్థమైంది. అబ్బాయిది ఒంగోలు. నిశ్చితార్థం అయిన మరుసటి వారం ఇద్దరూ కలిసి, ఎవరూ చెప్పకుండానే, గుంటూరు వెళ్ళి పరీక్షకి రక్తమిచ్చి వచ్చారు. రిపోర్టులు వచ్చిన సాయంత్రం మా ఇంటికొచ్చారు. డాక్టరుగారు అరగంట మాట్లాడారని చెప్పారు. రెండు కవర్లు చెల్లి హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. అమ్మమ్మ "ఏముందే అందులో?" అని అడగబోయింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, కాఫీ పెట్టడానికి లోపలికి తీసుకెళ్ళింది. పెళ్ళి మాఘమాసంలో.